అవతలి మెషీన్ చెప్పని కారణం

"నాకు నీ కాఫీ వద్దు వదినా."

చిట్టి గ్లాసు ఎత్తనైనా ఎత్తలేదు. వేలి కొసతో అటు జరిపేసి, కుళాయి దగ్గర మంచినీళ్ళు పట్టుకుని గటగటా తాగింది.

"నీ కాఫీ ఏమిటే, నా కాఫీ ఏమిటే? ఈ ఇంట్లో వేరు కుంపట్లు ఎప్పుడు పెట్టారే?" అంది అత్తగారు, కూర తరగడం ఆపి.

"సోమవారం నుంచి," అంది చిట్టి.

పొయ్యి మీద పాలు పొంగబోయాయి. కోడలు గబుక్కున మంట తగ్గించింది.

ఈ గడప తొక్కిన నాటినుంచీ ఆమెకు ఆడపడుచుతో ఒక్కపూట మాట పట్టింపు వచ్చిన పాపాన పోలేదు. ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి. చిట్టి ల్యాబ్‌లో రక్తం తీసి పరీక్షలు చేస్తుంది. వదిన కింది అంతస్తులో కంప్యూటర్ల గది చూసుకుంటుంది. పొద్దున్నే ఒకే బస్సెక్కి, మధ్యాహ్నం ఒకే క్యారేజీలోంచి తిని, సాయంత్రం ఒకరి పైఆఫీసర్లను ఇంకొకరు తిడుతూ ఇల్లు చేరేవారు. చూసినవాళ్ళు అక్కాచెల్లెళ్ళనుకునేవారు. ఆ ముచ్చటంతా సోమవారంతో సరి.

"చిట్టీ, ఇవాళ విచారణలో నిన్ను కూడా పిలిచారటగా. ఏం చెప్తావ్?" అని అడిగింది ఆమె.

"ఉన్నదే చెప్తాను. సోమవారం పొద్దుట్నుంచీ మేం చేసిన రిపోర్టులన్నీ గాలికి కొట్టుకుపోయాయని చెప్తాను. వార్డులన్నీ తిరిగి జనానికి మళ్ళీ సూదులు గుచ్చామని చెప్తాను. ఆ పసిది ఉంది చూడూ, మొదటిసారే నరం దొరక్క గుక్కపట్టి ఏడ్చింది. రెండోసారి వెళ్తే వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, 'నువ్వు మనిషివేనా' అంది. నన్నంది వదినా. నిన్ను కాదు."

"నేను పడాల్సిన మాట నువ్వు పడ్డావు. నాకు తెలుసే."

"తెలిస్తే చెప్పు. ఎందుకు చేశావలా?"

"అది ఆగిపోయింది. ఎందుకాగిందో చెప్పలేదు..."

"మళ్ళీ అదే పాట!" చిట్టి ఒంటికాలి మీద లేచింది. "మెషీన్ చెప్పలేదు, మెషీన్ చెప్పలేదు! మెషీన్ చెప్పకపోతే నీ బుర్ర ఏం చేస్తోంది?"

ఆమెకు చివుక్కుమంది. వారం పొడుగునా ఆ ప్రశ్న తనకు తాను వేసుకుంటూనే ఉంది.

"ఉండండే ఇద్దరూ," అంది అత్తగారు. "రోజుల తరబడి వింటున్నాను, ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు. నాకర్థమయ్యేట్టు చెప్పమ్మాయ్, అసలు ఏం చేశావు నువ్వు?"

ఆమె పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. చిట్టి వినబోనన్నట్టు అటు తిరిగింది గానీ, గుమ్మం దాటి పోలేదు.

"ల్యాబ్ లెక్కలన్నీ చూసే కంప్యూటరు ఉందే అత్తయ్యా, అది విడిగా ఒక పెట్టె కాదు. ఒక పెద్ద మెషీన్ లోపల కాపురం ఉంటుంది. ఆ పెద్ద మెషీన్ పాతబడింది, ఫ్యాను ఒకటే అరుపు. అందుకని లోపలున్నదాన్ని, అది పనిచేస్తుండగానే, పక్కనున్న కొత్త మెషీన్లోకి మార్చమన్నారు."

"పొయ్యి మీది వంట దించకుండా ఇల్లు మారినట్టు."

"అచ్చం అంతే. మాకు అలవాటైన పనే. సోమవారం చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. తెర మీద ఒక్క ముక్క. కనెక్షన్ తెగిపోయింది, మళ్ళీ ప్రయత్నించండి అని. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అదే ముక్క. ఏ వైపు తెగిందో లేదు, ఎందుకు తెగిందో లేదు. అరుస్తున్నది పాత మెషీనే కదా, దానికే ఆయువు మూడిందనుకున్నాను. అది చచ్చేలోపు ల్యాబ్‌దాన్ని ఎలాగైనా బయటపడేయాలని, బలవంతంగా మార్చే బటన్ నొక్కాను."

"నొక్కితే?"

"ఇక్కడ టక్కున ఆపేసి, అక్కడ మొదలుపెడుతుంది. అక్కడ మొదలవలేదు. ఇక్కడ తిరిగి లేపేసరికి, పొద్దున్నుంచీ దాని బుర్రలో ఉండి ఇంకా డిస్కు మీదికి దిగని రిపోర్టులన్నీ పోయాయి."

అత్తగారు కాసేపు తరిగిన ముక్కలను అటూ ఇటూ కలిపింది.

"అయితే తొందరపడ్డావన్నమాట."

"తొందరపడ్డానత్తయ్యా."

"మరింకేం? ఆ ముక్కే చెప్పు అక్కడ. తప్పయిపోయింది, ఇంకెప్పుడూ చేయనని చేతులు కట్టుకుని నిలబడు. నాలుగు తిట్టి వదిలేస్తారు."

"వదలరత్తయ్యా. నిర్లక్ష్యం వల్ల తీసేశామని రాసి పంపిస్తామని మేనేజరు అప్పుడే ఊరంతా చాటుతున్నాడు. నిర్లక్ష్యం అని ఒకసారి పడిందంటే, ఏ ఆసుపత్రీ నన్ను మెషీన్ గది ఛాయలకు రానివ్వదు. నేను నేర్చుకున్న పనంతా ఇదే."

చిట్టి భుజాన సంచీ తగిలించుకుని, చెప్పులు టపటపలాడిస్తూ వెళ్ళిపోయింది.

ఇంతసేపూ ఇంట్లో నాలుగో మనిషి ఉలుకూ పలుకూ లేదు.

ఆ నాలుగో మనిషి ఆమె భర్త. ఆ మార్చే పని చేసే సాఫ్ట్‌వేర్ తయారుచేసేదీ, ఆ కొత్త మెషీన్ పంపిందీ అతని కంపెనీయే. చిత్రమేమిటంటే, ఇంటిల్లిపాదీ ఆ గొడవతో అట్టుడికిపోతుంటే ఆ మహానుభావుడు వారమంతా తనకేమీ పట్టనట్టు మసలుకున్నాడు. అడిగితే "సర్దుకుంటుందిలే" అన్నాడు. ఇంకోసారి అడిగితే స్నానానికి వెళ్ళాడు.

ఆమె కాఫీ పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. అతను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"ఇవాళేనండీ విచారణ."

"తెలుసు."

"చిట్టి నా మొహం చూడటం లేదు."

"దాని కోపం తెలిసిందేగా. ముక్కు మీదే ఉంటుంది."

"దానిది న్యాయమైన కోపమే. నా మీద నాకే అసహ్యంగా ఉంది. బుర్ర పెట్టి ఒక్క నిమిషం ఆగి ఉంటే..."

అతనికి జాలేసింది. పాపం, నిజంగానే జాలేసింది. ఇస్త్రీపెట్టె కాలరు మీద ఆనించి, ఓదార్పుగా అన్నాడు:

"నువ్వంతగా మథనపడకు. నీ చోట ఎవరున్నా అదే చేసేవాళ్ళు. ఆ కొత్త మెషీన్లో ప్రాసెసర్ కుదరదని నీకు మాత్రం ఎలా తెలుస్తుంది?"

ఆమె చేతిలోని కాఫీ గ్లాసు నేల మీద పెట్టేసింది.

"ఏమన్నారు?"

"ఏమన్నాను?"

"ప్రాసెసర్ అన్నారు."

"ఏదో మాటవరసకి..."

"మాటవరసకి ప్రాసెసర్ ఎందుకొస్తుందండీ నోట్లోకి? ఫ్యాననొచ్చు, కేబులనొచ్చు. మా గదిలో ఎవరికీ కారణం తెలియదు. సోమవారం మధ్యాహ్నమే మీ కంపెనీవాళ్ళొచ్చి కొత్త మెషీన్ని విప్పుకుని పట్టుకుపోయారు. దాని లోపల ఏముందో నన్ను చూడనివ్వలేదు. మీరు చూశారా?"

కమురు వాసన వచ్చింది. ఆమే వంగి ఇస్త్రీపెట్టె తీగ పీకేసింది. తెల్ల కాలరు మీద గోధుమరంగు మచ్చ తేలింది. అతను ఆ మచ్చనే చూస్తూ నీళ్ళు నమిలాడు.

"అడుగుతున్నది మిమ్మల్నే. చూశారా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"మంగళవారం."

"మంగళవారమా! ఇవాళ శుక్రవారమండీ!"

"మెల్లిగా. అమ్మ వింటుంది."

"విననీండి. ఏముంది దాంట్లో?"

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఇక దాచి లాభం లేదని అతనికీ తెలిసిపోయింది.

"కొత్తదని పంపారు గానీ ఆ ప్రాసెసర్ ఒక మెట్టు కిందిది. మీ ల్యాబ్ మెషీన్ వాడుకుంటున్న సౌకర్యం ఒకటి దాంట్లో లేదు. అంతా వచ్చేశాక, చివరి క్షణంలో చూసుకుంది. దీన్ని నేను మోయలేను, ఇదీ కారణం అని తన లోపల శుభ్రంగా రాసుకుంది. రాసుకుని, ఫోను పెట్టేసినట్టు లైను తెంచేసింది."

"పాతదానికి చెప్పకుండానే?"

"చెప్పకుండానే. పాతదానికి తెలిసిందల్లా లైను తెగిందని. అదే నీకు చూపించింది. అది అబద్ధమేం చెప్పలేదు."

"అబద్ధం చెప్పలేదు!" ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "అంటే పాత మెషీన్ నిక్షేపంగా ఉంది. దాని అరుపు దాన్ని అరవనిచ్చి నేను చేతులు ముడుచుకు కూర్చుంటే, ఏ గొడవా లేదు."

"లేదు."

"కొత్తది వద్దంటోంది అని తెర మీద ఉంటే నేను బటన్ జోలికే పోయేదాన్ని కాదు."

"పోయేదానివి కాదు."

ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. ముందు కలిగింది సంతోషం. తన బుర్ర చెడిపోలేదు. తను చూసినదాన్నిబట్టి ఎవరైనా అదే అనుకుంటారు. ఆ సంతోషం పూర్తిగా గుండెకు పట్టకముందే కోపం తరుముకొచ్చింది. ఈ ముక్క ఇతనికి మంగళవారం నుంచీ తెలుసు. మంగళవారం రాత్రి ఇదే మంచం మీద తను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, వీపు నిమిరి పడుకోమన్నాడు.

"అలా చెప్పకుండా పెట్టేస్తుందని మీకు ముందే తెలుసా?"

అతను ఇస్త్రీపెట్టె తీగను చుట్టసాగాడు.

"ఏమండీ."

"మా దగ్గరో అమ్మాయుంది. ఇంతే ఉంటుంది, పిచ్చుక అని పిలుస్తాం. ఆ అమ్మాయి పోయిన వేసవిలోనే దాన్ని సరిచేసి తెచ్చింది. ఫోను పెట్టేసే ముందు అవతలి మెషీన్ కారణం చెప్పేలాగా, అది నీబోటివాళ్ళకి తెర మీద కనబడేలాగా. మా దగ్గర ఎవరేం రాసినా ఇంకొకళ్ళు చూసి సరేనంటేనే లోపలికి వెళ్తుంది. తను రాసింది చూడాల్సింది నేను."

"చూశారా?"

"చూశాను. వెనక్కి పంపాను."

"ఏం, తప్పుగా రాసిందా?"

"బాగానే రాసింది. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ పంపాను."

"మరెందుకండీ?"

"మా లీడరుకి తెర మీద పొడుగు పొడుగు మాటలుంటే గిట్టదు. జనం కంగారుపడి ఫోన్లు చేస్తారంటాడు. రోజంతా అలాంటివే వచ్చి పడుతుంటాయి నా నెత్తిన. దాని కింద ఓ ముక్క రాసి పక్కన పడేశాను."

"ఏం రాశారు?"

"ఇప్పుడెందుకులే అదంతా."

"ఏం రాశారండీ?"

అతను కాలిన కాలరును వేలితో గోకుతూ అన్నాడు:

"ఆపరేటర్లు ఇవన్నీ చదవరు, అనవసరం... అని."

"నేను ఆపరేటర్నేగా," అంది ఆమె.

"నిన్ననుకుని రాశానా?"

"మరెవర్ననుకుని రాశారు? మీకు తెలిసిన ఆపరేటర్ని నేనొక్కదాన్నేగా! మందుసీసా మీది చీమతలకాయంత అక్షరాలు కూడా చదివిగానీ మీ అమ్మగారి నోట్లో చుక్క పోయను నేను. ఆ రోజు తెర మీద ఇంకొక్క వాక్యం ఉంటే చదవనా? కళ్ళు పొడుచుకుని చదివేదాన్ని. ఇక చదవడానికి ఏమీ లేక, ఉన్న ఒక్క ముక్కనే చదివిందే చదివి చచ్చాను."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే అతను మళ్ళీ వీపు నిమురుతాడేమోనని భయపడింది.

అప్పుడు చూసింది ఆమె, వీధిగుమ్మంలో చిట్టిని. మెడలో వేసుకునే గుర్తింపు కార్డు మరిచిపోయి సగం దారి నుంచి వెనక్కొచ్చింది కాబోలు, మేకుకు వేలాడుతున్న కార్డు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వంటింటి గుమ్మంలో అత్తగారు. ఇద్దరి మధ్యా నేల మీద కాఫీ గ్లాసు.

"అన్నయ్యా, నిజమేనా?" అంది చిట్టి.

"నువ్వేం వినలేదే," అంది అత్తగారు గబగబా. "పనికి పో. ఇంట్లో మాట గడప దాటకూడదు. నాన్న పోయాక నిన్నీ చదువు చదివించింది వాడు. గుర్తుంచుకో."

చిట్టి అన్నయ్య వంక చూసింది, వదిన వంక చూసింది. కార్డు మెళ్ళో వేసుకుని, వచ్చినట్టే వెళ్ళిపోయింది. ఈసారి చెప్పుల చప్పుడు కూడా లేదు.

"వచ్చి చెప్పండి," అంది ఆమె భర్తతో.

"నేనెలా వస్తాను? కంపెనీ తరఫున లీడరు తెర మీద మాట్లాడతాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు."

"ఆ ఆపరేటరు మీ భార్య అని ఆయనకి తెలుసా?"

"చెప్పలేదు."

"అదీ చెప్పలేదు! సరే, పక్కన కూర్చుని ఏం చేస్తారు?"

"చూస్తాను."

"ఏం చూస్తారు? చెప్తాను అనండి."

"ఆ ముక్క రాసింది నేనని బయటపడితే నన్ను అక్కణ్ణుంచి మెడపట్టి గెంటుతారు. నీకు అర్థమవుతోందా?"

"అవుతోంది. నన్ను గెంటబోతున్నారని మీకు అర్థమవుతోందా?"

"చూస్తానన్నాను కదా!"

అతను గొంతు పెంచడం ఈ వారంలో అదే మొదటిసారి.

ఆమె చీర మార్చుకుని బయల్దేరింది. అత్తగారు వీధిగుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, నీ ఉద్యోగం పోతే ఇంకోటి రాకపోదు. వాడిది పోతే ఈ ఇల్లు నిలవదు. కాస్త ఓర్చుకో."

"మీ అబ్బాయికి ఉద్యోగం పోతుంది, నాకు పేరు పోతుంది అత్తయ్యా. పోయిన పేరు ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది?"

అత్తగారు చెయ్యి వదల్లేదు. కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ఆమే మెల్లగా విడిపించుకుంది. ఈవిడ చెడ్డది కాదు. కొడుకు తల్లి, అంతే.

బస్సు స్టాపులో ఆ చివర చిట్టి, ఈ చివర ఆమె. మధ్యలో జనం. బస్సొచ్చింది. చిట్టి ముందు తలుపు నుంచి ఎక్కింది, ఆమె వెనక తలుపు నుంచి ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని ఆమె దారి పొడుగునా భర్త తరఫున వాదించుకుంటూనే ఉంది. చెప్తాడు. పిరికివాడే గానీ దుర్మార్గుడు కాదు. నా మొహం చూస్తే చెప్తాడు. ఆ ఒక్క ఆశ పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కింది.

విచారణ పైఅంతస్తులో. పొడవాటి బల్ల, గోడకు పెద్ద తెర. బల్ల కొసన ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ, ఆవిడ పక్కన ఆఫీసు మేనేజరు. ల్యాబ్ తరఫున చిట్టి, గోడవార కుర్చీలో. తెర మీద కంపెనీ టీమ్ లీడరు, నున్నగా దువ్విన జుట్టుతో, సన్నటి చిరునవ్వుతో.

"బలవంతంగా మార్చే బటన్ నొక్కింది మీరేనా?" అన్నాడు మేనేజరు.

"నేనేనండీ."

"నొక్కే ముందు ఎవర్నైనా అడిగారా?"

"కంపెనీ సహాయం నంబరుకు చేశానండీ. రికార్డు గొంతు లైన్లో ఉండమంది. ఉన్నాను. ఎవరూ పలకలేదు."

"పలికేదాకా ఆగొచ్చుగా?"

"పాత మెషీన్ ఆగిపోతోందనుకున్నానండీ."

"అనుకున్నారు." మేనేజరు పెద్ద డాక్టరమ్మ వైపు తిరిగాడు. "చూశారుగా మేడమ్, అంతా అనుకోవడమే."

తెర మీద లీడరు గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులో వెన్న రాసినట్టుంది.

"మా వైపు నుంచి చెప్పేదొక్కటేనండీ. మా సాఫ్ట్‌వేర్ జరిగింది జరిగినట్టు చూపించింది. కనెక్షన్ తెగింది, తెగిందని చెప్పింది. మళ్ళీ ప్రయత్నించమంది. బలవంతంగా చేయమని ఎక్కడా చెప్పలేదు. ఆమె కంగారుపడ్డారు. మనుషులన్నాక సహజమే."

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నాకు మీ మెషీన్ల సంగతి తెలియదు. ఒళ్ళు కాలుతోందని ఎవరైనా నా దగ్గరకొస్తే జ్వరం అని రాసిచ్చి ఇంటికి పంపను. ఎందుకొచ్చిందో చూస్తాను. ఆ కనెక్షన్ ఎందుకు తెగింది?"

"ఆ భాగం చూసే ఇంజినీరు నా పక్కనే ఉన్నాడండీ. ఆయన చెప్తాడు."

తెర కొంచెం జరిగింది. భర్త కనిపించాడు. పొద్దుటి చొక్కా పనికిరాక నలిగిన నీలం చొక్కా వేసుకున్నాడు. గోడవార చిట్టి కుర్చీ కిర్రుమంది.

"చెప్పండి. ఎందుకు తెగింది?" అంది పెద్ద డాక్టరమ్మ.

అతను ఆమెను చూశాడు. చూసిన వెంటనే చూపు కిందికి దించేసుకున్నాడు.

"ఇలాంటివాటికి చాలా కారణాలుంటాయండీ. మా దగ్గర నమోదైంది మటుకు... కనెక్షన్ తెగినట్టేనండీ."

బస్సులో కూర్చుని కట్టుకున్న ఆశంతా ఒక్క మాటతో కూలిపోయింది. ఆమెకు అవమానంగా ఉంది. భర్త మీద అసహ్యం వేసింది. అంతకన్నా ఎక్కువగా దుఃఖం వచ్చింది, ఈ మనిషి ఇంతకాలం తనకు పూర్తిగా తెలుసనుకున్నందుకు.

"ఇంకేముంది, తేలిపోయింది," అన్నాడు మేనేజరు కాగితాలు సర్దుతూ. "మీరేమైనా చెప్పుకునేది ఉందామ్మా?"

లేదంటే ఇంటికి వెళ్ళిపోవచ్చు. అత్తగారు ఎదురొచ్చి కడుపులో పెట్టుకుంటుంది. అతను రెండు రోజులు మొహం చాటేసి, మూడోనాటి నుంచి మామూలైపోతాడు. చిట్టి కూడా ఎప్పటికో కాఫీ పుచ్చుకుంటుంది. ఒక్క తనకే జన్మలో మామూలవదు.

"ఉందండీ," అని ఆమె లేచి నిలబడింది. "తెగింది పాత మెషీన్ వల్ల కాదు. కొత్తదాంట్లో ప్రాసెసర్ తక్కువ రకం. ల్యాబ్ మెషీన్ని తీసుకోలేనని అదే వద్దంది. ఆ కారణం తన లోపల రాసుకుంది గానీ ఇవతలికి చెప్పలేదు. చెప్పి ఉంటే నేను బటన్ ముట్టుకోను, ఒక్క రిపోర్టు పోదు. అలా చెప్పించే ఉపాయం వాళ్ళ దగ్గరున్న ఒకమ్మాయి పోయిన వేసవిలోనే తయారుచేసింది. ఆపరేటర్లు చదవరని చెప్పి దాన్ని తిప్పిపంపారు."

లీడరు చిరునవ్వు చెక్కుచెదరలేదు గానీ కళ్ళు చిన్నవయ్యాయి.

"ఇవన్నీ మీకెవరు చెప్పారండీ? ఆ మెషీన్ మా దగ్గరుంది."

"మీ పక్కన కూర్చున్నాయనే చెప్పారు. ఆయన నా భర్త."

మేనేజరు చేతిలో కాగితాలు చేతిలోనే ఉన్నాయి. లీడరు మెల్లిగా పక్కకి తిరిగి అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"క్షమించాలండీ," అన్నాడు లీడరు. "ఇది మొగుడూపెళ్ళాల వ్యవహారంలా ఉంది. ఉద్యోగం కాపాడుకోవడానికి ఆవిడ ఏదైనా అంటారు. ఆయన ఇప్పుడే కదా, మీ ఎదురుగానే చెప్పాడు."

"ఆయన మీతో ఈ సంగతి చెప్పినప్పుడు ఇంకెవరైనా విన్నారా?" అని పెద్ద డాక్టరమ్మ ఆమెను అడిగింది.

అన్న మీద చెల్లెలి చేత సాక్ష్యం చెప్పించడమా? తన పేరు కోసం తను ఎంత దూరమైనా పోతుంది. ఆ పిల్లను లాగడానికి మాత్రం ఆమెకు మనసు రాలేదు. బల్ల వైపు చూస్తూ ఊరుకుంది.

"ఎవరూ లేరన్నమాట," అన్నాడు మేనేజరు.

పెద్ద డాక్టరమ్మ చూపు గోడవారకు తిరిగింది.

"నువ్వు ఈవిడ ఆడపడుచువి కదమ్మా? ఆ ఇంట్లోనే ఉంటావు కదూ?"

చిట్టి లేచింది. మెడలోని కార్డును రెండు చేతులతో పట్టుకుంది. సోమవారం నుంచీ నిప్పులు కక్కుతున్న ఆ మొహం ఇప్పుడు పాలిపోయి ఉంది.

"అవునండీ."

"నువ్వు విన్నావా?"

చిట్టి వదిన వైపు చూడలేదు. నేరుగా తెర దగ్గరకు నడిచి వెళ్ళి నిలబడింది. అన్నయ్య మొహం ఆ పిల్ల మొహానికి సరిగ్గా ఎదురుగా ఉంది.

"చిట్టీ..." అన్నాడు అతను. ఆ విచారణలో అతని నోట వచ్చిన మొదటి నిజమైన మాట అదే.

"అన్నయ్యా, నా చదువు నీ చలవే. కాదన్నవాళ్ళ నోరు పడిపోతుంది." చిట్టి తెర మీదికి ఇంకాస్త వంగింది. "పసిపిల్లకి రెండోసారి సూది గుచ్చి తిట్లు తిన్నాను, పడ్డాను. ఇప్పుడు దీనికి కూడా నన్నే పంపకు. నువ్వే చెప్పు. నాచేత చెప్పించకు."

తెర మీద అతను నోరు తెరిచాడు. పక్కనుంచి లీడరు చెయ్యి మాట వినబడకుండా చేసే బటన్ మీదికి సాగింది. అతను ఆ చేతిని మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకుని, చెల్లెలి వంక చూస్తూ, "ఆ కొత్త మెషీన్లో ప్రాసెసర్..." అని మొదలుపెట్టాడు.